గురువారం పుస్తకాలు

పోయిన వారం మన కార్డులమ్మ ఒక మీట నొక్కింది. నొక్కి, కుర్చీలో వెనక్కి వాలి, "ఇంతేనా? దీనికేదో బ్రహ్మవిద్యన్నట్టు భయపెట్టారు నన్ను!" అని నవ్వింది కూడా.

ఆ నవ్వు నిండా నిమిషం నిలవలేదు. గ్రంథాలయానికి కొత్త సాఫ్ట్‌వేరు నేర్పడానికి వచ్చిన ట్రైనరమ్మాయి పక్కనుంచి తొంగి చూసింది. స్క్రీను పై అంచున ఒక పసుపు పట్టీ ఉండాలి. అది ఉంటే నేర్చుకునేవాళ్ళ కోసం పెట్టిన ప్రాక్టీసు కాపీ, ఏం చేసినా ఫర్వాలేదు. లేకపోతే అసలుది. పట్టీ లేదు. మూడు వేల నూట నలభై పుస్తకాలు, "వాడకం లేదు" అన్న కారణంతో, ఆ ఒక్క నొక్కుతో ఏరివేత జాబితాలోకి వెళ్ళిపోయాయి. శనివారం పొద్దున కాగితం మిల్లు లారీ వచ్చి వాటిని ఎత్తుకుపోతుంది.

కార్డులమ్మ అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా వినపడదు. కేటలాగు కార్డులు చేత్తో రాసే రోజుల్లో ఉద్యోగంలో చేరింది. కార్డులు పోయి మొదటి కంప్యూటరు వచ్చింది, అదీ పాతబడి ఇప్పుడు రెండోది వచ్చింది, పేరు మాత్రం అలాగే అతుక్కుపోయింది. యాభై నాలుగేళ్ళ మనిషి. పుస్తకాలు ఇంటికి పంపకుండా అక్కడే కూర్చుని చదువుకునే పెద్ద హాలు ఆమె చేతుల్లో ఉంది. పద్నాలుగు బల్లలు, యాభై ఆరు కుర్చీలు, ఏ కుర్చీ కిర్రుమంటుందో ఆమెకు తెలుసు.

"వెనక్కి తీసుకోవడం కుదరదా అమ్మాయ్?" అని అడిగింది. 

"కుదురుతుంది మేడమ్. శుక్రవారం సాయంత్రం ఐదు దాకా టైముంది. కానీ ఊరికే కుదరదు. ఒక్కో పుస్తకానికీ అది వాడుకలో ఉందని రుజువు ఎక్కించాలి."

"రుజువేంటి? నేను చెప్తున్నాగా! ముప్పై ఏళ్ళ నుంచి ఈ హాల్లోనే పడున్నాను."

"మీరు చెప్తే నాకు చాలు మేడమ్. దీనికి చాలదు," అంది ట్రైనరమ్మాయి, స్క్రీను వైపు గడ్డం ఎగరేసి. మంచి పిల్ల. ఇరవై ఎనిమిదేళ్ళుంటాయేమో, ఊరూరా తిరిగి నేర్పే ఉద్యోగం, సూట్‌కేసుకి ఒక చక్రం ఊడిపోయింది. "తేదీ, పుస్తకం నంబరు ఉంటే చాలు. కంప్యూటర్లోదే కానక్కర్లేదు. ఎవరైనా చేత్తో రాసిన రిజిస్టరున్నా ఫొటోలు తీసి ఎక్కించేద్దాం. మీ దగ్గర అలాంటిదేమైనా ఉందా?"

లేదు. కార్డులమ్మ దగ్గర ఏమీ లేదు. అయినా పట్టువదలకుండా కళ్ళజోడు సర్దుకుని జాబితా పైనుంచి చదవడం మొదలుపెట్టింది. పదో వరసలోనే ఆమెకు ఒళ్ళు మండింది.

"ఇదిగో చూడు, నక్షత్రాల పుస్తకం! ఇది వాడకం లేనిదట! గొడుగాయన వారానికి నాలుగు రోజులు వచ్చి దీన్నే ముందేసుకుని కూర్చుంటాడు. ఎండలో కూడా గొడుగు తెస్తాడు ఆయన. ఇదిగో, ఈ కీళ్ళ నొప్పుల పుస్తకం, ఇది నర్సమ్మ డ్యూటీ దిగాక వచ్చి చదువుకుంటుంది. ఈ రంగుల అద్దకం పుస్తకమైతే ఆ దర్జీ పిల్ల చేతుల్లో నలిగి నలిగి అట్టలు వదిలేసింది. ఎవరమ్మా వాడకం లేదన్నది? కళ్ళున్నాయా దీనికి?"

ట్రైనరమ్మాయి నొచ్చుకోకుండా ఇంకో పేజీ తెరిచింది. "దీనికి ఒకటే కన్ను మేడమ్. బల్ల మీద వదిలేసిన పుస్తకాన్ని మళ్ళీ ర్యాకులో పెట్టేముందు స్కానరు కింద పెట్టాలి కదా. ఆ ఒక్క స్కానే దీనికి తెలుసు. దాన్నే హాల్లో వాడకం అని రాసుకుంటుంది. ఇక్కడ చూడండి, అన్నిటికీ సున్నా. ఇంతకీ మీ హాల్లో పుస్తకాలు సర్దేదెవరు?"

హాల్లో పంకా తిరుగుతోంది. ఎవరో పేజీ తిప్పిన చప్పుడు వినిపించింది. 

"నేనే," అంది కార్డులమ్మ చివరికి.

ఇక్కడ నిజం చెప్పుకోవాలి. ఆమెకు స్కాన్ చేయాలని తెలియక కాదు. మొదటి కంప్యూటరు వచ్చినప్పుడే ఆర్డరు కాగితం వచ్చింది, తనే దాన్ని గోడకి అంటించింది. నాలుగు రోజులు చేసింది కూడా. ఆ స్కానరు ఒక్కో పుస్తకానికీ కీచుమనేది. కీచుమన్నప్పుడల్లా చదువుకుంటున్నవాళ్ళు ఉలిక్కిపడి తలెత్తేవాళ్ళు. అయ్యో పాపం అనిపించి మానేసింది. అది పైకి చెప్పుకోగలిగిన కారణం.

ఇంకోటి ఉంది. సాయంత్రం ఆరు దాటాక హాలు ఖాళీ అవుతుంది. బల్లల మీద పుస్తకాలు మిగులుతాయి. ఒక్కోటీ చేతిలోకి తీసుకుని ఈ రోజు ఎవరు ఎక్కడిదాకా వచ్చారో చూసుకుంటూ సర్దడం ఆమెకు అలవాటు. "ఏం గొడుగాయనా, ఇంకా శనిగ్రహం దగ్గరే ఉన్నావా?" అని పైకే అనేది. "నర్సమ్మా, ఇవాళ రాలేదేం, డబుల్ డ్యూటీయా?" అనేది. రోజు మొత్తం మీద ఆమె మనస్ఫూర్తిగా మాట్లాడే గంట అదొక్కటే. ఇంటికి వెళ్తే తాళం తీసుకుని తనే లోపలికి వెళ్ళాలి, దీపం తనే వేసుకోవాలి. గుమ్మం పక్క మేకుకి రెండో తాళంచెవి తొమ్మిదేళ్ళుగా అలాగే వేలాడుతోంది. ఉన్న ఒక్క గంటలో తనకీ పుస్తకాలకీ మధ్య కీచుమనే యంత్రం ఎందుకని ఆమె అనుకుంది. అనుకుని, పదకొండేళ్ళ పాటు తన హాల్లో ఎవరూ చదవడం లేదని తన చేతులతోనే రాసిపెట్టింది.

"నేనే చేశానమ్మాయ్," అంది మళ్ళీ. "మీట నొక్కడం ఇవాళ్టి తప్పు. అసలు తప్పు పదకొండేళ్ళది."

ట్రైనరమ్మాయి నీళ్ళ సీసా ఆమె వైపు జరిపింది. "ఈ కొత్త సాఫ్ట్‌వేరుతో పాటు వచ్చే చిప్పులు పుస్తకాలకి అతికించాక ఈ గొడవే ఉండదు మేడమ్. చప్పుడూ గిప్పుడూ ఏమీ ఉండదు. పుస్తకం తీసినా, పెట్టినా ర్యాకే రాసుకుంటుంది."

"ఆ చిప్పు అంటించడానికి పుస్తకం ఉండాలి కదా తల్లీ."

 ట్రైనరమ్మాయి ఊరికే కూర్చోలేక, పద్దును అటూ ఇటూ తిప్పి చూస్తోంది. ఉన్నట్టుండి ఆమె చెయ్యి ఆగింది.

"మేడమ్, మరి ఇవేంటి? అన్నీ సున్నాలే కాదు. తొమ్మిది వందల పన్నెండు పుస్తకాలకి వాడకం పడింది. అందుకే అవి జాబితాలోకి రాలేదు."

"ఎవరు స్కాన్ చేశారట?"

"అది తెలీదు. తేదీల వరసలో పెడతానుండండి." రెండు మీటలు నొక్కింది. "గురువారం. ఇదీ గురువారం. ఇదీ. మేడమ్, అన్నీ గురువారాలే! పొద్దున పదికీ పన్నెండుకీ మధ్య. వారానికి రెండు పుస్తకాలు, ఎప్పుడైనా మూడు. ఏడాదంతా, తొమ్మిదేళ్ళుగా."

 గురువారం ఈ హాలుకి సెలవు. తలుపులు మూసి ఉంటాయి. గురువారం కార్డులమ్మ కూడా రాదు.

*

బుధవారం పొద్దున ఆమె ఆ తొమ్మిది వందల పన్నెండు నంబర్ల కాగితాలు పట్టుకుని ర్యాకుల మధ్యకి వెళ్ళింది. అప్పటికే పై ఆఫీసు నుంచి ఇద్దరు మనుషులు వచ్చి, ఏరివేతకి వెళ్ళే పుస్తకాల వెన్నుల మీద ఎర్ర చుక్కలు అంటిస్తున్నారు. పని నేర్చినవాళ్ళు, చకచకా కానిస్తున్నారు. నక్షత్రాల పుస్తకానికి కూడా ఒక చుక్క పడింది. ఆమె అటు చూడకుండా తన కాగితంలోని మొదటి నంబరు వెతికింది.

అది ఓడరేవుల చరిత్ర మీద లావుపాటి పుస్తకం. వెన్ను మీద గోధుమరంగు గుడ్డ. తెరవగానే సన్నగా వాసన వచ్చింది. మైదా జిగురులో మైలుతుత్తం కలిపితే వచ్చే వాసన. పురుగు పట్టకుండా పాత బైండర్లు అలా కలుపుతారు, ఇప్పుడెవరూ కలపడం లేదు. ఆమె పుస్తకాన్ని వెనక్కి వంచి, మధ్య మడతలో కుట్టు చూసింది. దారం తెల్లగా, కొత్తగా ఉంది. ముడి చివరి కంతలో లేదు, మూడో కంతలో ఉంది. రెండు చుట్లు తిప్పి వేసిన ముడి.

కార్డులమ్మ అక్కడే నేల మీద కూర్చుంది.

రెండో పుస్తకం తీసింది. మూడోది తీసింది. పదోది, ఇరవయ్యోది. కొన్నిటికి అట్ట కీలు దగ్గర కొత్త గుడ్డ, కొన్నిటికి చిరిగిన పేజీ మీద పల్చటి కాగితం అతుకు. అన్నిటికీ ముడి మూడో కంతలోనే. లోకంలో అలా ముడి వేసే మనిషిని ఒకర్నే ఆమె ఎరుగును. చిన్నప్పుడు తన స్కూలు నోటు పుస్తకాలన్నీ ఆ ముడితోనే ఉండేవి. తోటి పిల్లలు అడిగితే, "మా అక్క కుట్టింది" అని గొప్పగా చెప్పుకునేది.

ఆ అక్క ఈ గ్రంథాలయానికే బైండరు. మెట్ల కింది గదిలో ఆమె కుట్టు చట్రం, దబ్బనాలు, జిగురు గిన్నె ఉండేవి. అక్కాచెల్లెళ్ళిద్దరికీ పెళ్ళిళ్ళు కాలేదు, చేసుకోలేదనండి. ఒకే ఇంట్లోంచి ఒకే డబ్బాలో భోజనం తెచ్చుకుని, ఒకే బల్ల దగ్గర తినేవాళ్ళు. తొమ్మిదేళ్ళ క్రితం బైండింగు గది ఎత్తేయాలని పైనుంచి మాట వచ్చింది. హాలు చూసే మనిషి నోటు రాసి సంతకం పెట్టాలన్నారు. ఫారంలో కారణం అని ఒక గడి ఉంది. "అవసరం లేదని రాస్తే చాలదమ్మా, పైవాళ్ళు తిప్పి పంపేస్తారు, గట్టిగా ఏదైనా రాయండి" అన్నాడు అప్పటి ఆఫీసరు. బల్ల ముందు నిలబడి పెన్ను ఆడిస్తున్నాడు. కాదంటే తన ఉద్యోగానికే ఎసరు వస్తుందని ఆమెకు భయం వేసింది. రాసింది. "ప్రస్తుత బైండరు పనిలో నాణ్యత లోపించింది" అని రాసింది.

అబద్ధం. అంతకంటే పచ్చి అబద్ధం ఆమె జన్మలో ఆడలేదు. ఆ కాగితం నకలు కవరులో పెట్టి అక్క చేతికి ఇచ్చారు. మర్నాడు పొద్దున ఆమె లేచేసరికి అక్క మంచం ఖాళీగా ఉంది, కుట్టు చట్రం కూడా లేదు. ఫోను నంబరు మారిపోయింది. ఎక్కడుందో ఎవరూ చెప్పలేదు. ఆ మాట చదివాక ఎందుకు ఉంటుందిలే అని కార్డులమ్మ వెతకడం కూడా మానేసింది. మొహం చెల్లలేదు.

అలాంటిది, తను లేని రోజు చూసుకుని, తొమ్మిదేళ్ళుగా అక్క ఈ హాలుకి వస్తోంది.

*

గ్రంథాలయానికి ఒక అటెండరున్నాడు. గుమ్మం పక్కన స్టూలు మీద తప్ప ఇంకెక్కడా కూర్చోడు కాబట్టి అందరూ ఆయన్ని స్టూలాయన అంటారు. గురువారం తలుపు తీసి హాలు ఊడ్చి తుడిచేది ఆయనే. కార్డులమ్మ ఓడరేవుల పుస్తకం పట్టుకుని నేరుగా వెళ్ళి ఆయన ముందు నిలబడింది.

"పెద్దాయనా, గురువారం ఇక్కడికి ఎవరొస్తున్నారు?"

స్టూలాయన పుస్తకం వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు, తర్వాత వీధిలోకి చూశాడు. "గురువారం సెలవు కదమ్మా. ఎవరొస్తారు?"

"నాకు చెవిలో పువ్వులు పెట్టకండి. ఈ కుట్టు ఎవరిదో నాకు తెలీదా?"

"తెలిశాక ఇంక నన్నడగడం దేనికమ్మా?"

"మీ నోటితో వినాలని!"

ఆ అరుపుకి హాల్లో నలుగురు తలెత్తి చూశారు. ముప్పై ఏళ్ళలో కార్డులమ్మ ఆ గ్రంథాలయంలో గొంతు పెంచడం అదే మొదలు. స్టూలాయన గాభరాగా లేచి ఆమెను మెట్ల కిందికి తీసుకెళ్ళాడు. ఒకప్పటి బైండింగు గది తలుపు ముందు ఆగాడు.

"అమ్మా, బల్ల మీద పుస్తకం కనిపిస్తే స్కాన్ చేసి సర్దమని మీరే గోడకి కాగితం అంటించారు. నేను చేశాను. మా చెల్లికి చెప్పొద్దని అక్కగారు నా చేత ఒట్టు వేయించుకున్నారు. నేను చెప్పలేదు. రెండు మాటలూ నిలబెట్టుకున్నాను. ఇందులో నా తప్పేముందో మీరే చెప్పండి."

ఆమెకు అంత బాధలోనూ నవ్వొచ్చింది. మొత్తం గ్రంథాలయంలో రూలు పాటించింది ఈయనొక్కడే.

"ఇక్కడేం చేస్తుంది?"

"వారానికి ఒక అర చూస్తారమ్మా. ఆ అరలో ఉన్న ప్రతి పుస్తకాన్నీ తీసి, విప్పి, తడిమి చూస్తారు. మరీ పాడైనవి రెండో మూడో కూర్చుని బాగుచేస్తారు. తక్కినవి ఏవో నోటు పుస్తకంలో రాసుకుంటారు. పన్నెండింటికల్లా వెళ్ళిపోతారు. ఊరవతల అచ్చాఫీసులో పనట."

"నా గురించి ఎప్పుడైనా అడిగిందా?"

 స్టూలాయన జేబురుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు.

"ప్రతి వారం అడుగుతారమ్మా."

"ఏమని?"

"'అది వేళకి తింటోందా?' అని."

కార్డులమ్మ గోడకేసి తిరిగింది. ఆయన చూడకూడదని కాదు, నిలబడటానికి ఏదో ఒకటి కావాలి. 

"మీరేం చెప్పేవారు?"

"డబ్బా తెచ్చుకుంటున్నారు, ఒక్కరే కూర్చుని తింటున్నారు అని చెప్పేవాణ్ణి. ఉన్నదే చెప్పాను."

మెట్లెక్కి పైకి వస్తుంటే ఆమెకు ఒకటి తట్టింది. నోటు పుస్తకం. ప్రతి అరా, ప్రతి పుస్తకమూ తడిమి చూసి రాసుకున్న నోటు పుస్తకం. పుస్తకాన్ని చదువుతున్నారో లేదో బైండరుకి తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుంది? కుట్టు ఎక్కడ వదులైంది, ఏ పేజీ అంచు నల్లబడింది, అట్ట ఏ వైపు వంగింది, అన్నీ వేళ్ళకి తెలుస్తాయి. అందులో తేదీలు కూడా ఉండుంటే? నంబర్లు ఉండుంటే?

శుక్రవారం ఐదింటికి ఇంకా రెండు రోజులే ఉంది. మధ్యలో ఉన్నది గురువారం.

*

గురువారం పొద్దున పది దాటి పావుగంటకి ఆమె వెనక తలుపు నుంచి హాల్లోకి వచ్చింది. స్టూలాయన స్టూలు మీద అటు తిరిగి కూర్చున్నాడు. ఒట్టు తప్పలేదని తనకు తాను చెప్పుకుంటున్నాడు కాబోలు.

ఖాళీ హాలు ఆమెకు కొత్త కాదు. కానీ పొద్దుటి వెలుతురులో ఖాళీగా ఎప్పుడూ చూడలేదు. బల్లలన్నీ నున్నగా మెరుస్తున్నాయి. ర్యాకుల నిండా ఎర్ర చుక్కలు. కిటికీ పక్కన పద్నాలుగో బల్ల దగ్గర, అటు తిరిగి, ఒకావిడ వంగి కుట్టుకుంటోంది. జుట్టంతా తెల్లబడిపోయింది. భుజాలు కుంచించుకుపోయాయి. మోచేయి మాత్రం అదే ఊపుతో పైకి లేచి దిగుతోంది.

కార్డులమ్మ అడుగు వేసింది. పన్నెండో బల్ల పక్కన ఒక చెక్క పలక కిర్రుమంటుందని తెలిసి కూడా దాని మీదే కాలేసింది.

"వచ్చావా చిట్టీ," అంది అక్క, వెనక్కి తిరక్కుండానే. "నువ్వు అడుగేస్తే ఎడమకాలు ముందు ఈడుస్తావు. ఇంకా పోలేదు ఆ అలవాటు."

చిట్టి అన్న పిలుపు విని తొమ్మిదేళ్ళయింది. ఏడవకూడదనుకుని వచ్చింది కానీ ఏడ్చేసింది. అక్క ఓదార్చలేదు. దారం లాగి బిగించింది, ఇంకో కంతలోకి సూది దింపింది. ఏడుపు సద్దుమణిగాక కాలితో పక్క కుర్చీని బయటికి నెట్టింది.

"కూర్చో. ఈ ఎర్ర చుక్కలు నీ చేతి చలవేనటగా?"

"అవునక్కా. ప్రాక్టీసు అనుకుని నొక్కాను."

"పోయినసారీ ప్రాక్టీసేనా?"

కార్డులమ్మ తల దించుకుంది. చెప్పాల్సింది చాలా ఉంది కానీ మొదటి మాట దొరకలేదు. చివరికి పుస్తకాల సంగతే చెప్పింది. స్కానరు సంగతి, పదకొండేళ్ళ సున్నాలు, శనివారం లారీ, రేపు సాయంత్రం ఐదు గంటల గడువు, అన్నీ గుక్కతిప్పుకోకుండా చెప్పేసింది. అక్క వింటూ కుట్టుకుంటోంది. పుస్తకాల్ని పలకరించుకుంటూ సర్దడం కోసం స్కాన్ మానేశానని చెప్పినప్పుడు మాత్రం, ఒకసారి కళ్ళెత్తి చెల్లెలి మొహం చూసింది.

"అంత ఒంటరిగా ఉన్నావుటే?"

"నువ్వు లేవుగా."

 అక్క సూది పుస్తకానికే గుచ్చి వదిలేసి, సంచిలోంచి నోటు పుస్తకం తీసి బల్ల మీద పెట్టింది. తనే కుట్టుకున్న లావుపాటి పుస్తకం, ఇటుకంత మందం. కార్డులమ్మ తెరిచింది. తేదీ. నంబరు. "కుట్టు వదులు, అంచులు నలుపు, బాగా చదువుతున్నారు." తేదీ. నంబరు. "నలభయ్యో పేజీ దగ్గర దానంతటదే తెరుచుకుంటోంది." వరసలు, పేజీలు, గురువారం తర్వాత గురువారం. నక్షత్రాల పుస్తకం ఏడుసార్లు ఉంది. ట్రైనరమ్మాయి అడిగిన రుజువు, అచ్చంగా ఆమె అడిగినట్టే, అక్క చేతిరాతలో ఉంది. రేపు సాయంత్రం లోపు ఇద్దరూ కూర్చుంటే ఫొటోలు తీసి ఎక్కించేయవచ్చు.

"అక్కా, ఇది ఇస్తావా?"

"ఇస్తాను. ముందు చివరి అట్టలో ఉన్నది తియ్యి."

చివరి అట్ట లోపల ఒక జేబు కుట్టి ఉంది. జేబులో కవరు. మూలలు నలిగి, రంగు మారి, మడత మీద మడత పడిన ఆఫీసు కవరు. కార్డులమ్మ దాన్ని చూసీ చూడగానే గుర్తుపట్టింది.  తిప్పి చూసింది. అంటించిన మూత అంటించినట్టే ఉంది.

"విప్పలేదా?"

"లేదు."

"తొమ్మిదేళ్ళుగా చదవలేదా? మరి ఎందుకెళ్ళిపోయావు?"

"నువ్వు సంతకం పెట్టావని అందరూ చెప్పారు. పెడితే పెట్టావు, ఏదో బలవంతం అయ్యుంటుందిలే, సాయంత్రం ఇంటికొచ్చి నువ్వే చెప్తావనుకున్నాను. అన్నం వడ్డించుకుని కూర్చున్నాను. నువ్వు నా మొహం చూడకుండా గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నావు. చెప్పలేదు కదా, అందుకెళ్ళాను." అక్క మళ్ళీ సూది అందుకుంది. "ఆఫీసు కాగితం చదువుకోవడానికి నాకు చదువు రాకనా? నీ నోటితో వినాలి. చదువు. చదివి ఆ నోటు పుస్తకం తీసుకెళ్ళు."

కార్డులమ్మ కవరు విప్పింది. కాగితం మీద నాలుగే నాలుగు వాక్యాలు, కింద తన సంతకం. అక్కకి తెలియదు. తనని ఇన్నేళ్ళు దూరంగా నిలబెట్టిన ఆ మాట అక్కకి తెలియనే తెలియదు. మూడో వాక్యం వదిలేసి చదివితే చాలు. అక్క చూపు కుట్టు మీద ఉంది, కాగితం మీద లేదు. నోటు పుస్తకం చేతికి వస్తుంది, పుస్తకాలు మిగులుతాయి, ఏమో, సాయంత్రానికి మేకు మీది తాళంచెవి కూడా దిగుతుందేమో. ఒక్క వాక్యం వదిలేస్తే.

"'ఈ గ్రంథాలయంలో బైండింగు విభాగం కొనసాగింపు గురించి పరిశీలించడమైనది,'" అని చదివింది.  "'కొత్త ప్రతులు సులువుగా దొరుకుతున్నందున విభాగం అవసరం తగ్గినది.'"

సూది లోపలికి వెళ్ళింది, బయటికి వచ్చింది. కార్డులమ్మ కాగితం మీదినుంచి తలెత్తి ర్యాకుల వైపు చూసింది. కారణం అన్న గడిలో రెండుసార్లు అబద్ధం రాసింది తను. ఒకసారి భయపడి, ఒకసారి చూసుకోక. మూడోసారి రాయడానికి ఇప్పుడు పెన్ను కూడా అక్కర్లేదు, ఊరికే ఉంటే చాలు.

"'ప్రస్తుత బైండరు పనిలో...'" అంది. ఆగింది. కళ్ళు గట్టిగా మూసుకుని, తెరిచి, ఒక్కో మాటా విడివిడిగా వినపడేలా చదివింది. "'ప్రస్తుత బైండరు పనిలో నాణ్యత లోపించింది.'"

సూది ఆగిపోయింది. గుమ్మం దగ్గర స్టూలు కిర్రుమన్న చప్పుడు వినిపించింది. అక్క వేళ్ళు దారాన్ని వదల్లేదు, బిగించనూ లేదు. అప్పుడే కుడుతున్న ముడి, మూడో కంత దగ్గర, సగంలో నిలిచిపోయింది.

"ఇంకోసారి చదువు," అంది అక్క.